కలలో జారవిడిచిన ఉంగరము

పళ్లు ఊడినట్లు కల వస్తే ఇంట్లో ఎవరో పోతారట. పాము వెంటబడితే శత్రువులు లేస్తారట. పెండ్లి కనబడితే చావు, చావు కనబడితే పెండ్లి! ఈ లెక్కలు చెప్పే పెద్దమ్మలు మన పల్లెల్లో ప్రతి వీధిలోనూ ఉన్నారు. సంతలో అమ్మే చిన్న పుస్తకాల్లోనూ ఇవే ఉంటాయి. ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక పాస్టరుగారి దగ్గర ఆగి, "అయ్యగారూ, రాత్రి ఒక కల వచ్చిందండీ" అని మెల్లగా మొదలుపెట్టే తల్లులు మన సంఘాల్లోనూ లేకపోలేదు.

వారిని చూచి నవ్వకూడదని మా అభిప్రాయము. కల అర్థము అడిగే మనిషి నిజానికి తన సంగతే అడుగుతున్నాడు. అయితే సంత పుస్తకములోని జవాబులో ఆ మనిషి ఉండడు. నిన్న కలుపు తీస్తూ పామును చూచి బెదిరినవానికీ, అన్నదమ్ములతో గట్టు తగాదా పడి అన్నము తినకుండా పడుకున్నవానికీ ఒకే అర్థము ఎలా సరిపోతుంది?

1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయములో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి ప్రకటించారు. నిద్రలో కొన్ని వేళల్లో మూసిన రెప్పల క్రింద కండ్లు వేగముగా కదులుతాయి; అప్పుడు లేపితే చాలామంది కల చెబుతారు. ఇది సుమారు 90 నిమిషాలకొకసారి వస్తుంది. ఆ సమయములో మన కాళ్లు చేతులు కదలవు. ఒక్కొక్కసారి మెలకువ వచ్చినా శరీరము వెంటనే స్వాధీనములోనికి రాదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్లుంటుంది. దీనికే కొందరు దయ్యమని భయపడి తాయెత్తులకు డబ్బు పోస్తారు. పనుల ఒత్తిడికి కలలు వస్తాయని మన ప్రసంగి ఎప్పుడో గ్రహించాడు.

కలల మీద ఫ్రాయిడ్ వ్రాసిన పెద్ద పుస్తకము 1899 నవంబరులో వెలువడింది. అన్ని కలలనూ దాచుకున్న కోరికలకే ముడిపెట్టడము మాకు సమ్మతము కాదు. కాని ఆయన చేసిన ఒక పని మెచ్చదగినది. కలలోని ఒక్కొక్క వస్తువును చూపి, దీనిని తలచుకుంటే నీకేమి గుర్తుకు వస్తుందని కల కన్నవానినే అడిగాడు. భర్త పోయిన తల్లికి ఆయన కలలో కనబడి ఆకలి అంటే, ఆత్మకు ఆకలి వేసిందని విస్తరి వేయమనే ఇరుగుపొరుగు ఉంటారు. ఆమెను కూర్చోబెట్టి, "అమ్మా, చివరి రోజుల్లో ఆయన ఏమైనా తినగలిగేవారా?" అని అడిగి చూడండి. ఏడాదిగా ఎవరికీ చెప్పని దుఃఖము అప్పుడు బయటికి వస్తుంది.

దానియేలు నెబుకద్నెజరు ఎదుట నిలిచినప్పుడు, రాజు తన మనస్సులోని ఆలోచనలను తానే ఎరుగవలెనని ఈ మర్మము బయలుపడినదని చెప్పాడు. అర్థము తెలిసింది. రాజు సాష్టాంగపడ్డాడు కూడా. కలలో అతడు ప్రతిమకు తల మాత్రమే. ఆ తల ఒక్కటే బంగారము. ఆ తరువాతి అధ్యాయములోనే దూరా మైదానములో 60 మూరల బంగారు ప్రతిమ నిలిపాడు. అర్థము విన్నాడు గాని తన్ను తాను చూచుకోలేదు.

రాజు సంగతి అలా ఉంచుదాము. ఓడలో పనిచేసిన ఒక యౌవనుని కల చెబుతాము. 'అమేజింగ్ గ్రేస్' పాట వ్రాసిన జాన్ న్యూటన్ పేరు మీరెరుగుదురు. 1725లో లండనులో పుట్టాడు. వాక్యము నేర్పిన తల్లి అతనికి ఏడేండ్లు నిండకుండానే చనిపోయింది. 1743లో అతనికొక కల వచ్చింది. ఆ కలలో కనబడినది వెనిస్ రేవు. ఓడ మీద కావలి తిరుగుతున్నాడు. ఒకరు వచ్చి ఉంగరమిచ్చి, ఇది నీ దగ్గరున్నంత కాలము నీకు క్షేమము, పోగొట్టుకుంటే నాశనము అన్నారు. మరొకడు వచ్చి, ఉంగరమేమిటి, క్షేమమేమిటి అని ఎగతాళి చేసి దానిని నీటిలో వేయించాడు. వెంటనే పట్టణము వెనుకనున్న కొండల్లో మంటలు లేచాయి. అప్పుడు ఒకరు వచ్చి నీటిలో దిగి ఉంగరము తెచ్చాడు, మంటలు ఆరిపోయాయి. న్యూటన్ సంతోషముతో చెయ్యి చాచాడు. ఆయన ఇవ్వలేదు. నీవు దీనిని కాపాడుకోలేవు, నీ కొరకు నేనే దాచి ఉంచుతాను అన్నాడు.

రెండు మూడు రోజులు న్యూటన్‌కు తిండీ నిద్రా లేవు. తరువాత కల పూర్తిగా మరచిపోయాడు. నౌకాదళములో కొరడా దెబ్బలు తిన్నాడు. ఆఫ్రికా తీరములో పస్తులున్నాడు. 1748 మార్చిలో తుపానులో ఓడ మునగబోయినప్పుడు దేవునికి మొరపెట్టాడు. ఆ కల భావము తనకు అర్థమైన తీరును 1764లో అచ్చయిన తన జీవిత కథలో వ్రాశాడు. ఉంగరము తిరిగి చేతికి రాకపోవడమే ఆ కలలో గొప్ప సంగతి అని మాకు తోస్తుంది. తనను తాను నమ్ముకొనే యౌవనునికి తన బలహీనత అంత సూటిగా పగలు ఎవరు చెప్పగలరు?

ఇక్కడితో ఆపితే చక్కని సాక్ష్యమే. కాని ఆపలేము. మారుమనస్సు పొందానన్న ఆ న్యూటనే 1750 నుండి 1754 వరకు బానిసల ఓడలకు కెప్టెన్‌గా వెళ్లాడు. పైన నావికులకు ప్రార్థన జరిపించేవాడు. క్రింద అరల్లో సంకెళ్లతో మనుష్యులుండేవారు. సముద్రము మానింది కూడా జబ్బు చేసినందువలననే, మనస్సాక్షి పొడిచి కాదు. వెనిస్ కలలో ఆ మనుష్యులు ఎక్కడా లేరు. వారిని గురించి తన సిగ్గును బయటపెట్టి, ఓడలో కన్నదంతా పుస్తకముగా ప్రకటించేటప్పటికి 1788 వచ్చింది. ఉంగరపు కల వచ్చి 45 ఏండ్లు. బ్రిటిషు పార్లమెంటు 1807 మార్చిలో ఆ వ్యాపారమును నిషేధించింది. అప్పటికి న్యూటన్‌కు చూపు దాదాపు పోయింది. అదే సంవత్సరము డిసెంబరులో ఆయన కన్నుమూశాడు.