ముంగిటి గరికకు పాచి పట్టినచో

వర్షర్తువు కడపటికి వచ్చుసరికి మన ముంగిళ్లలో గరిక పలుచనై, దాని సందులలో పచ్చని పట్టువలె పాచి పరచుకొనుట మీరందరు నెరిగినదే. చూపున కది యింపుగానే యుండును. కాని తడిసినప్పుడు దానిపై కాలు నిలువదు. మా వేములవాడలో నీ విషయమున కొక తొందర కూడ కలదు. ఇతర గ్రామములలో సద్దుల బతుకమ్మ తొమ్మిదవనాడు జరుగగా, మా యూర నేడవనాడే జరుగును. భాద్రపదము ముగియులోపల ముంగిలి చక్కబడనిచో వృద్ధులును, గర్భిణులును, చిన్న బాలికలును జారుడు నేలపైననే చుట్టు తిరుగవలసి వచ్చును.

ఈ భయముచేతనే కొందరు ముంగిలి నంతయు సిమెంటుతో కప్పించుచున్నారు. నీడయు తేమయు నున్నచో సిమెంటు మీదను పాచి పట్టక మానదు. పైగా వాన నీరు నేలలో నింకక కాలువ పాలగును. వినాయక చవితినాడు పిడికెడు గరికకై వీధులు తిరుగవలెను.

పాచియే గరికను చంపినదని తలచుట సరికాదు. పాచికి నిజమైన వేళ్లు లేవు, విత్తనములును లేవు. నూలుపోగులవంటి వానితో నేలను పట్టుకొని, ధూళివంటి సూక్ష్మరేణువులచే వ్యాపించును. గరిక బలముగా నున్నచోట దానికి తావు దొరకదు. చెట్టునీడచేతనో, నీరు నిలుచుటచేతనో, త్రొక్కుడుచే నేల గట్టిపడుటచేతనో గరిక క్షీణించినప్పుడే పాచి వచ్చి చేరును. జపానుదేశమున క్యోటో నగరమందలి సైహోజీ ఆలయపు తోటలో నీ పాచినే ప్రీతితో కాపాడుదురు. నీడయు తేమయు గల యాచోటి కది తగినదే.

ఇంగ్లండులోని గడ్డి చల్లదనమున పెరుగునది గనుక, అచ్చటివారు ముఖ్యముగా శరత్కాలమున దంతెతో పాచిని గోకుదురు. మన గరిక వేడిమితోను వానతోను పెరుగును, చలికి మందగించును, నీరు లేని యెండలో దాని గాయము మానదు. కావున శ్రావణ భాద్రపదములలో వాన తెరపి యిచ్చి, నేల చేతి కంటుకొనని దినము మంచిది.

మా యింట మే మాచరించు క్రమ మిది. మొదట గరికను రెండంగుళముల యెత్తునకు కోయుదుము. పిదప ఇనుప పండ్ల దంతెతో నొకమారు నిలువుగాను, ఒకమారు అడ్డముగాను తేలికగా గోకుదుము. పండ్లు వడ్లగింజ మందమునకు మించి నేలలో దిగరాదు. పాచితోపాటు గరిక మొదళ్ల పేరుకొన్న యెండుగడ్డియు లేచి వచ్చును. పాచి తునకలనుండియు మరల మొలచును గనుక వానిని గంప కెత్తి యెరువుగుంటలో వేయవలెను. నేల గట్టిగా నున్నచో గడ్డపారతో జానెడు కొకటి చొప్పున నాలుగంగుళముల లోతు గుంటలు పొడిచి, ఇసుకయు, జల్లించిన పాత పెంట యెరువును కలిపి నింపుదుము. ముంగిలి యప్పుడు దువ్వని తలవలె వికారముగా కనబడును. దానికి దిగులు పడవలదు. గరిక కణుపు కణుపునను వేరు వేయు జాతి. బోడియైనచోట కణుపులుగల తీగముక్కలు నాటి, తడి యారకుండ చూచినచో కొలది వారములలో కప్పుకొనును.

తోటపనివారు అన్నభేదిని నీట కరగించి చల్లుదురు. పాచి నల్లబడి చచ్చును. కాని బండలపై తుప్పుమరక నిలిచిపోవును. పిల్లలను పశువులను దాని దరికి రానీయరాదు. ఉప్పు మాత్ర మెన్నడును చల్లవలదు; గరికయు చచ్చును, నేలయు చెడును.

వేపకొమ్మలు నరికి వెలుతురు రానిచ్చి, గోలెము కడిగిన నీటికి వేరుదారి చూపవలెను. ఇవి చేయక పాచిని మాత్రమే గోకినచో మరుసటి వానల కది తిరిగివచ్చును. ఎంతకును ఎండ సోకని మూలయందు గరికకై పెనుగులాడక గరుకు బండలు పరచుట మేలు. ఈ యేడు చవితి పండుగ ముందుగనే దంతె చేతబట్టి, ఆడపిల్లలకును మగపిల్లలకును సమముగా నీ పని నేర్పుడని మా మనవి.