చక్కిలిగింతల క్రీడ (వయోజనులు)

చక్కిలిగింతల క్రీడ అనగా యుక్తవయస్కులైన స్నేహితులు లేదా దంపతులు పరస్పర సమ్మతితో ఒకరికొకరు చక్కిలిగింతలు పెట్టుకొనే ఆట. చక్కిలిగింతలనే కితకితలు, గిలిగింతలు అని కూడా అంటారు. ఈ ఆటలో ఒకరి చేతులను, కాళ్ళను కదలకుండా మెత్తని గుడ్డతోనో, తాడుతోనో కట్టివేసే పద్ధతి కూడా కలదు. దానిని బంధన క్రీడ అంటారు. కొందరికి ఇది కేవలం వినోదం, మరికొందరికి కామోద్దీపకం. చక్కిలిగింతల వలన కలిగే కామోద్దీపనకు మనస్తత్వ శాస్త్రంలో నిస్మోలాగ్నియా అని పేరు. తెలుగు ఇళ్ళలో కితకితలు అనగానే చంటిపిల్లలే గుర్తుకు వస్తారు. పెద్దలలో ఈ ఆసక్తి ఉన్నదన్న సంగతి బయటకు మాట్లాడేవారు తక్కువ.

ఈ క్రీడకు మిగిలిన ఆటలలో లేని ఒక చిక్కు ఉన్నది. చక్కిలిగింతలకు వచ్చే నవ్వు సంతోషానికి గుర్తు కాకపోవచ్చును. అది సమ్మతికి గుర్తు అసలే కాదు. ఈ క్రీడలో పాటించే నియమాలలో చాలా భాగం ఈ కారణం వల్ల ఏర్పడినవే.

== రకాలు ==

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు జి. స్టాన్లీ హాల్, ఆర్థర్ ఆలిన్ 1897లో చక్కిలిగింతలను రెండు రకాలుగా విభజించారు. చర్మంపై ఈకతో రాసినట్లో, చీమ పాకినట్లో కలిగే జలదరింపును నిస్మెసిస్ అన్నారు. దీనికి నవ్వు రాదు, గోక్కోవాలని అనిపిస్తుంది. చంకలు, డొక్కలు, అరికాళ్ళు వంటి చోట్ల గట్టిగా, పదేపదే తాకినప్పుడు ఆపుకోలేని నవ్వు తెప్పించేది గార్గలెసిస్. మొదటిదానిని ఎవరికి వారే కలిగించుకొనగలరు. రెండవది ఇతరులు చేస్తేనే కలుగుతుంది.

== నవ్వు రావడానికి కారణం ==

తనకు తాను చక్కిలిగింతలు పెట్టుకొనలేకపోవుటను గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ కాలంలోనే గమనించారు. లండన్‌లో సారా-జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ 1998లో ప్రచురించిన పరిశోధన దీనికి కారణాన్ని చూపినది. మన చేయి చేయబోయే కదలికను చిన్నమెదడు ముందుగానే ఊహించి, దాని వలన కలిగే స్పర్శను తగ్గించివేస్తుంది. ఇతరుల చేతి కదలికను అట్లు ఊహించలేదు.

హాస్యానికి వచ్చే నవ్వు, చక్కిలిగింతలకు వచ్చే నవ్వు ఒకే కోవకు చెందినవని ఛార్లెస్ డార్విన్ 1872లో అభిప్రాయపడ్డాడు. అయితే చక్కిలిగింతలు పెట్టేవారు పరిచయస్థులై ఉండాలని, మనస్సు ఉల్లాసంగా ఉండాలని కూడా ఆయన చెప్పాడు. అపరిచితుడు తాకితే పసిపిల్లవాడు నవ్వడు, భయంతో ఏడుస్తాడు. బెర్లిన్‌లో షింపేయి ఇషియామా, మైకేల్ బ్రెహ్ట్ 2016లో ఎలుకలపై జరిపిన పరిశోధన ఈ మాటను బలపరచినది. చక్కిలిగింతలు పెట్టినప్పుడు ఎలుకలు మనిషి చెవికి వినబడనంత సన్నని కూతలు కూస్తాయి. వాటినే ఎత్తైన చోట, వెలుతురులో, బెదిరే స్థితిలో ఉంచినప్పుడు ఆ కూతలు బాగా తగ్గిపోయినవి.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆచార్యుడు క్లారెన్స్ ల్యూబా తన ఇంటినే ప్రయోగశాల చేసుకొన్నాడు. ముఖానికి అట్టముక్క అడ్డం పెట్టుకొని, తాను నవ్వకుండా, తన బిడ్డకు చక్కిలిగింతలు పెట్టేవాడు. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ నవ్వరాదని నియమం విధించాడు. నవ్వమని ఎవరూ నేర్పకపోయినా బిడ్డ ఏడవ నెల ప్రాంతంలో నవ్వసాగాడు. ఈ ఫలితాలు 1941లో వెలువడినవి.

కాలిఫోర్నియాలో క్రిస్టీన్ హారిస్ 1999లో జరిపిన ప్రయోగంలో విద్యార్థుల కళ్ళకు గంతలు కట్టి, ఒకసారి మనిషి, ఒకసారి యంత్రం చక్కిలిగింతలు పెడుతున్నట్లు చెప్పారు. నిజానికి రెండుసార్లూ పెట్టినది బల్ల క్రింద దాగిన మనిషే. యంత్రమని నమ్మినప్పుడు కూడా విద్యార్థులు అంతే నవ్వారు. హారిస్ 2005లో ప్రచురించిన మరొక అధ్యయనం ఈ వ్యాస విషయానికి మరింత ముఖ్యమైనది. చక్కిలిగింతలు పెట్టించుకొంటున్నవారి ముఖంలో చిరునవ్వుతో పాటు, నొప్పి అనుభవించేవారి ముఖంలో కనిపించే కదలికలు కూడా కనిపించినవి. పైకి నవ్వు వచ్చినంత మాత్రాన లోపల సుఖం కలిగినట్లు కాదని దీనివలన తెలుస్తున్నది.

== చరిత్ర ==

వాత్స్యాయనుని కామసూత్రాలలో, గోళ్ళ స్పర్శను గురించిన అధ్యాయంలో ఆచ్ఛురితకం అను ప్రక్రియ చెప్పబడినది. గోటి గుర్తు పడకుండా, రోమాంచం మాత్రమే కలిగేటట్లు తేలికగా తాకుటకు ఆ పేరు. హాల్, ఆలిన్ చెప్పిన మొదటి రకానికి ఇది చాలా దగ్గరగా ఉన్నది. అదే గ్రంథంలో శృంగారంలో కొట్టే దెబ్బలను గురించి చెబుతూ, అవి ప్రాణం మీదకు తెచ్చిన సందర్భాలను కూడా వాత్స్యాయనుడు పేర్కొన్నాడు. వాటిలో ఒకటి ఆంధ్ర చరిత్ర విద్యార్థులకు ఆసక్తి కలిగించేది. శాతవాహన వంశీయుడైన కుంతల శాతకర్ణి, కర్తరి అను దెబ్బ వలన తన మహారాణి మలయవతి మరణానికి కారకుడయ్యాడు. ఆవేశంలో ఉన్నవాడు ఎదుటివారి బాధను గుర్తించలేడన్న హెచ్చరిక ఇక్కడ స్పష్టంగా ఉన్నది.

చక్కిలిగింతలు చిత్రహింసగా కూడా వాడబడినవి. 17వ శతాబ్దపు జర్మన్ నవల సింప్లిసిసిమస్‌లో, సైనికులు ఒక రైతును కట్టివేసి, ఉప్పు రాసిన అరికాళ్ళను మేకచేత నాకించే సన్నివేశం ఉన్నది. ఇది కల్పన. అయితే నాజీల కాలంలో ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో కాపలాదారులు ఒక ఖైదీని ఈ విధంగా హింసించిన తీరును అక్కడ బందీగా ఉన్న యోసెఫ్ కోహుట్ తన అనుభవాలలో చెప్పాడు. ఆ ఖైదీ తరువాతి హింసలకు మరణించాడు. చేసే పని ఒకటే అయినా, ఒకచోట ఆట, మరొకచోట హింస అయినది. ఆపమంటే ఆపేవారు ఉండుటయే రెండింటికీ తేడా.

బ్రిటిష్ వైద్యుడు హావెలాక్ ఎల్లిస్ 1905లో స్పర్శ, చక్కిలిగింతలు, లైంగికతల సంబంధాన్ని వివరంగా చర్చించాడు. తాళ్ళతో కట్టే కళ జపానులో ప్రసిద్ధి చెందినది. అక్కడ ఖైదీలను బంధించే హోజోజుత్సు అను విద్య నుండి 20వ శతాబ్దంలో కిన్‌బాకు అను శృంగార కళ రూపొందినది. చిత్రకారుడు ఇతో సెయూ (1882–1961) దీనికి ఆద్యులలో ఒకడు.

== సమ్మతి, ఆపు సంకేతం ==

కితకితలు పెట్టినప్పుడు ఎవరైనా "వద్దు, వద్దు" అని నవ్వుతూనే అంటారు. ఆ మాటను నిజంగా తీసుకోవలెనా లేదా అన్నది ఎదుటివారికి తెలియదు. అందుచేత ఆటకు సంబంధం లేని ఒక మాటను, ఉదాహరణకు "మామిడికాయ" వంటిదానిని, ముందుగా అనుకొంటారు. ఆ మాట వినబడిన క్షణమే ఆట ఆగిపోవలెను. తెరలు తెరలుగా నవ్వేవారికి మాట పెగలదు. కనుక చేతిలో తాళంచెవుల గుత్తినో, చిన్న బంతినో ఉంచి, దానిని జారవిడిచితే ఆపవలెనని నిర్ణయించుకొనుట మేలైన పద్ధతి. స్నేహితుల మధ్య ఈ మాటలు ముందుగా మాట్లాడుకొనుటకు మొగమాటం ఎక్కువ. ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ.

"ఇదివరకు ఒప్పుకొన్నావు కదా" అనుట సమ్మతి కాదు. ఆట మధ్యలో కూడా సమ్మతిని వెనుకకు తీసుకొనవచ్చును. మద్యం మత్తులో ఉన్నవారి ఒప్పుదలను లెక్కలోకి తీసుకొనరాదు.

== జాగ్రత్తలు ==

ఎడతెగని నవ్వులో ఊపిరి వదలుట ఎక్కువ, పీల్చుట తక్కువ. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు దీనికి దూరంగా ఉండవలెను. కట్టివేసిన మనిషిని బోర్లా పడుకోబెట్టి పైన బరువు వేయరాదు. మెడ చుట్టూ ఏదీ కట్టరాదు. కట్టుకు, చర్మానికి మధ్య రెండు వేళ్ళు దూరవలెను. చక్కిలిగింతలకు మనిషి గింజుకొనును గనుక కట్టు క్రమంగా బిగుసుకొంటుంది. దండచేయి వెలుపలి భాగంలో ఎముకను ఆనుకొని వెళ్ళే రేడియల్ నరం నొక్కుకొంటే మణికట్టు వ్రేలాడిపోతుంది. ఆ చేయి తిరిగి స్వాధీనమగుటకు వారాలు, నెలలు పట్టవచ్చును. తిమ్మిరి అనగానే కట్టు విప్పవలెను. మొద్దు మొన గల కత్తెర దగ్గర ఉంచుకొనుట, కట్టివేసిన మనిషిని ఒంటరిగా వదలి వెళ్ళకుండుట తప్పనిసరి.

== వైద్యుల దృష్టి ==

ఇటువంటి ఆసక్తిని పూర్వం రోగంగా భావించేవారు. అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన డి.ఎస్.ఎమ్.-5 గ్రంథం అసాధారణ లైంగిక ఆసక్తికి, రుగ్మతకు తేడా చూపినది. ఆ ఆసక్తి వలన ఆ వ్యక్తికి గాని, ఇతరులకు గాని బాధ, హాని కలిగితేనే అది రుగ్మత. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐ.సి.డి.-11లో ఫెటిషిజం ప్రత్యేక రోగంగా లేదు.

== చట్టం ==

18 సంవత్సరాలు దాటిన వ్యక్తి సమ్మతించిన పని, మరణం గాని తీవ్రమైన గాయం గాని కలిగించే ఉద్దేశముతోను, అట్టి అవకాశమున్నదని తెలిసియు చేయబడనిదైతే, దాని వలన కలిగిన హాని నేరం కాదని భారత శిక్షాస్మృతి 87వ సెక్షను చెప్పేది. వినోదం కొరకు కత్తిసాము చేసే ఇద్దరిని ఆ సెక్షను ఉదాహరణగా చూపినది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షను దాని స్థానంలో ఉన్నది. భయం వలన గాని, పొరపాటు అభిప్రాయం వలన గాని ఇచ్చినదని ఎదుటివారికి తెలిసిన సమ్మతి చెల్లదని అదే సంహిత 28వ సెక్షను చెబుతున్నది. ఇంగ్లండులో మాత్రం, శరీరానికి గాయమైనచో సమ్మతి రక్షణ కాజాలదని 1993లో బ్రౌన్ కేసులో ప్రభువుల సభ తీర్పు ఇచ్చినది.

ఫోటోలు, వీడియోల విషయం వేరు. న్యూజీలాండ్‌కు చెందిన డేవిడ్ ఫారియర్, డిలన్ రీవ్ 2016లో తీసిన "టికిల్డ్" అను డాక్యుమెంటరీ, డబ్బు కొరకు చక్కిలిగింతల వీడియోలలో పాల్గొన్న యువకుల కథను బయటపెట్టినది. వీడియోలను తొలగించమని కోరిన వారు బెదిరింపులకు, వేధింపులకు గురయ్యారు. ఆటకు ఒప్పుకొనుట, దాని చిత్రాన్ని లోకానికి చూపుటకు ఒప్పుకొనుట ఒకటి కావు. స్త్రీ తన ఏకాంత చిత్రం తీయుటకు ఒప్పుకొన్నప్పటికీ, ఇతరులకు పంపుటకు ఒప్పుకొనని పక్షంలో, దానిని పంపుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరం.