ఎండకు గట్టిపడే వాకిలి

తారు ఎంత వేడికి మెత్తబడుతుందో తేల్చడానికి ఇంజనీర్ల దగ్గర ఒక పరీక్ష ఉంది. చిన్న ఇత్తడి ఉంగరంలో తారు పోసి, దాని మీద ఉక్కు గోళీ పెట్టి, నీళ్లలో ఉంచి మెల్లగా వేడి చేస్తారు. గోళీ బరువుకు తారు సాగి అడుగు పలకను తాకినప్పటి వేడిని రాసుకుంటారు. మన రోడ్లకు ఎక్కువగా వాడే వీజీ-30 రకం తారుకు అది కనీసం 47 డిగ్రీలు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఇంకా గట్టిదైన వీజీ-40కి 50 డిగ్రీలు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో మే నెల వడగాడ్పుల రోజున గాలి వేడే 45 దాకా పోతుంది. ఆ ఎండలో నల్లటి తారు పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలు.

మరి ఈ ఊళ్లో కలిసే 65, 30 నంబరు జాతీయ రహదారులు ఎలా నిలుస్తున్నాయి? అక్కడ బరువు మోసేది ప్రధానంగా రాయి. రోలరు కింద నలిగి, ఒకదానికొకటి బిగుసుకున్న కంకర పొరలు అడుగున మందంగా ఉంటాయి. పైగా బండ్లు ఆగకుండా దొర్లిపోతాయి. గేటు నుంచి పోర్టికో దాకా ఉండే ఇంటి దారి సంగతి వేరు. కారు గంటల తరబడి ఒక్కచోటే నిలుస్తుంది, నిలిచిన చోటే స్టీరింగ్ తిప్పుతాం. పల్చని తారు పొర ఆ మెలికకు చిరిగి ఊడొస్తుంది. అందుకే కృష్ణా తీరపు ఇంటి వాకిట్లో తారు వద్దని నా గట్టి అభిప్రాయం.

మాచర్ల వైపు నుంచి వచ్చే నాపరాళ్లు నడకకు బాగుంటాయి కానీ, కింద ఏ మూలనైనా డొల్ల ఉంటే కారు బరువుకు పగులుతాయి. నల్లటి కడప బండ మధ్యాహ్నం పూట పాదం పెట్టనివ్వదు. ఇక ఏకంగా పోసిన సిమెంటు కాంక్రీటు. రాతినేల మీద దానికి వంక పెట్టలేం. నల్లరేగడి మీద మాత్రం ఆ నేల వానకు ఉబ్బి, వేసవికి కుంచించి, పై పలకను అడ్డదిడ్డంగా చీలుస్తుంది. చీలిన పలకను అతకడం కుదరదు, పగలగొట్టి మళ్లీ పోయాల్సిందే.

నేల కదిలితే తానూ కాస్త కదిలి, మళ్లీ సర్దుకునే దారి కావాలి. అంటే ముక్కలుగా పేర్చినది కావాలి. ఆ ముక్కలో పడాల్సిన ముఖ్యమైన సరుకు ఇబ్రహీంపట్నంలోనే పుడుతోంది, అదీ 1979 నుంచి.

ఆ ఏడాది ఇక్కడి థర్మల్ కేంద్రంలో మొదటి 210 మెగావాట్ల యూనిట్ మొదలైంది. ఇప్పుడది డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. జనం నోట ఇంకా వీటీపీఎస్సే. అలాంటి యూనిట్లు ఆరయ్యాయి, 2009లో 500 మెగావాట్లది, 2023లో 800 మెగావాట్లది వచ్చి చేరాయి. మన బొగ్గులో మూడో వంతుకు మించి బూడిదే. టన్ను బొగ్గు కాలిస్తే మూడు నాలుగు వందల కిలోల బూడిద మిగులుతుంది.

పొయ్యిలో కట్టె కాలితే మిగిలే బూడిదతో దీనికి పోలిక లేదు. బొగ్గును ముందు మెత్తటి పొడి చేసి, గాలితో పాటు బాయిలర్‌లోకి చిమ్ముతారు. వెయ్యి డిగ్రీలు ఎప్పుడో దాటిపోయిన ఆ మంటలో బొగ్గులోని మట్టి కరిగి సన్నటి చుక్కలవుతుంది. పొగతో పైకి పోతూ ఆ చుక్కలు గబుక్కున చల్లారతాయి. స్ఫటికంగా కుదురుకునే వ్యవధి ఉండదు, అందుకని గాజుగోళీలుగా మిగిలిపోతాయి. చాలావాటి వ్యాసం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. లోపల సిలికా, అల్యూమినా ఉంటాయి. రసాయన చర్యకు ఇవి సిద్ధంగా ఉండేది ఈ గాజుతనం వల్లే.

పొగలోంచి వీటిని పట్టే యంత్రం అమెరికాలో పుట్టింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కాట్రెల్ గాలిలో తేలే గంధకికామ్లపు తుంపరను పట్టడానికి దాన్ని రూపొందించి 1908లో పేటెంటు పొందాడు. వేల వోల్టుల తీగల మధ్య నుంచి పొగ పోతుంటే రేణువులకు విద్యుదావేశం అంటుకుంటుంది, అవి పక్కనున్న లోహపు పలకలకు కరుచుకుంటాయి. సుత్తులు పలకలను తడుతుంటే బూడిద కింది తొట్టెల్లో రాలుతుంది. ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ అనే ఈ యంత్రం లేకపోతే చిమ్నీ చుట్టుపక్కల ఊళ్లు ఊపిరాడక అల్లాడేవి. ఉన్నా బాధ పూర్తిగా తీరలేదు. నీళ్లలో కలిపి బూడిద చెరువుల్లోకి పంపిన సరుకు ఎండాకాలంలో ఆరి గాలికి లేస్తుంది. ఆరేసిన బట్టల మీద, తినే కంచాల్లో అది పడటం ఈ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు భరించిన కష్టం. బూడిదను వాడుకోవడం నాకు పొదుపు విషయంగా మాత్రమే కనిపించకపోవడానికి కారణం ఇదే.

బూడిదతో కట్టడం కొత్త కాదు. రోమన్లు నేపుల్స్ దగ్గరి అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి సముద్రంలో రేవులు కట్టారు. బొగ్గు బూడిద కూడా అదే పని చేస్తుందని 1937లో రేమండ్ డేవిస్, ఆయన సహచరులు కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగాలు వివరంగా చూపాయి. అమెరికాలోనే 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ డ్యాము కాంక్రీటులో దాన్ని పెద్ద ఎత్తున వాడారు. మన దగ్గర ముందడుగు విశాఖపట్నంలో పడింది. ఇన్‌స్వారెబ్ సంస్థకు చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చే పని లేకుండా గట్టిపడే ఫాల్-జి మిశ్రమాన్ని రూపొందించారు. పెద్ద పెట్టుబడి లేనివాళ్లు కూడా షెడ్డు వేసుకుని ఇటుకలు పోసుకోగల పద్ధతి అది. తెలుగునాట పుట్టిన ఆవిష్కరణల్లో దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నాకనిపిస్తుంది. 1999 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం, థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో బూడిద కలపాలని నోటిఫికేషన్ ఇచ్చింది. 2003లో ఆ దూరం 100 కిలోమీటర్లయింది, 2016లో 300.

గోడకు పెట్టే బూడిద ఇటుకను తెచ్చి కారు దారికి పరిస్తే మాత్రం అరిగిపోతుంది. దారికి కావాల్సింది పేవర్ బ్లాకు, అంటే సిమెంటులో కొంత భాగం బదులు బూడిద పడిన గట్టి కాంక్రీటు ముక్క. అచ్చులో కాంక్రీటు దిమ్మె పోసే యంత్రానికి అమెరికాలో హార్మన్ పామర్ 1900లో పేటెంటు తీసుకున్నాడు. రోడ్డుకు కాంక్రీటు ముక్కలు పరిచే అలవాటు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నెదర్లాండ్స్‌లో ఊపందుకుంది. అక్కడ వీధులకు మట్టి ఇటుకలు పరిచేవారు. యుద్ధం ముగిశాక ఇళ్లు కట్టడానికే ఇటుకలు చాలలేదు, వీధులకు కాంక్రీటు ముక్కలు వచ్చాయి. పక్కనున్నదానితో పట్టుకునే వంకర అంచులు ఆ తర్వాత జర్మనీలో బాగా వాడుకలోకి వచ్చాయి.

మన షెడ్లలో రెండు రకాలు దొరుకుతాయి. రబ్బరు అచ్చులో పలుచటి కాంక్రీటు పోసి, అదిరే బల్ల మీద పెట్టి తీసినది నున్నగా మెరుస్తుంది. హైడ్రాలిక్ ప్రెస్ కింద దాదాపు పొడిగా ఉన్న మిశ్రమాన్ని అదుముతూ అదిరించి తీసినది గరుకుగా ఉంటుంది. కారు తిరిగే చోటుకు నేను రెండోదే అడుగుతాను. నీళ్లు తక్కువ పడితే కాంక్రీటులో సన్నటి రంధ్రాలు తగ్గుతాయి, గరుకు వల్ల వానలో చక్రం జారదు.

ఇక అసలు సంగతి. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు కొంత సున్నం విడిగా మిగులుతుంది. బూడిదలోని సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని, సిమెంటుకు బలమిచ్చే జిగురు పదార్థాన్నే మళ్లీ తయారు చేస్తుంది. ఈ చర్య నిదానం, వారాలూ నెలలూ సాగుతుంది. వేడి తగిలితే వేగం పుంజుకుంటుంది. తారును మెత్తబరిచే ఎండే బూడిద కాంక్రీటును గట్టిపరుస్తుంది, లోపల తడి ఉన్నంత కాలం. తడి ఆరితే చర్య ఆగిపోతుంది. మే నెలలో పోసిన బ్లాకులను నీడన పేర్చి, తడి గోనెపట్టాలు కప్పి ఉంచే షెడ్డుకూ, ఎండలో ఆరబెట్టి నాలుగో రోజే లారీ ఎక్కించే షెడ్డుకూ తేడా ఇక్కడే. రెండు బ్లాకులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కొనేముందు పోసిన తేదీ అడగండి. కనీసం నాలుగు వారాలు గడిచిన సరుకే తీసుకోండి.

రంగు విషయంలో బూడిదరంగే మేలు. కొత్త తారు తన మీద పడిన ఎండలో 5 నుంచి 10 శాతమే వెనక్కి పంపుతుంది. రంగు కలపని కొత్త కాంక్రీటు 35 నుంచి 40 శాతం పంపుతుంది. మురికి పట్టాక ఇది తగ్గినా తారు కంటే నయమే. ముదురు ఎరుపు, నలుపు బ్లాకులు ఆ లాభాన్ని పోగొడతాయి. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లే అలవాటు వెనుక లెక్క కూడా చిన్నది కాదు. లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. నడినెత్తి సూర్యుడు చదరపు మీటరు నేల మీద 40 నిమిషాల్లో కురిపించే వేడి అంత. నున్నటి టైలు మీద చల్లిన నీళ్లు జారిపోతాయి. బ్లాకుల గరుకులో, సందుల్లోని ఇసుకలో కొంత నిలిచి మెల్లగా ఆవిరవుతాయి.

సొంత కారు తిరిగే ఇంటికి భారతీయ ప్రమాణంలో తేలిక రాకపోకలకు చెప్పిన 60 మిల్లీమీటర్ల మందం, ఎం-35 గ్రేడు సరిపోతాయి. నీళ్ల ట్యాంకరు లోపలికొచ్చే ఇంటికి 80 వేయించాలి. అయితే బ్లాకు మీద పెట్టే శ్రద్ధకు రెట్టింపు కింద పెట్టాలి. నల్లమట్టిని తవ్వి తీసి, గ్రావెల్, కంకర పొరలుగా వేసి రోలరుతో అణచాలి. పైన అంగుళం, అంగుళంన్నర ఇసుక చాలు. గుంటలు పూడ్చడానికి ఇసుక మందం పెంచే మేస్త్రి పని మొదటి వానాకాలానికే బయటపడుతుంది. రెండు పక్కలా కాంక్రీటు అంచు కట్టకపోతే బ్లాకులు పక్కకు జరిగి పట్టు వదులుతాయి. పది అడుగులకు రెండున్నర అంగుళాల వాలు ఇవ్వాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరదను ఏ వాకిలీ ఆపలేదు కానీ, మామూలు వాన నీటిలో కొంతైనా ఇంటి ఆవరణలోనే ఇంకితే వీధి కాలువకు ఆ మేరకు బరువు తగ్గుతుంది.

అందుకే సందుల్లో సిమెంటు పాలు పోయనివ్వకండి. చాలామంది శుభ్రంగా ఉంటుందని పోయించుకుంటారు. దాంతో ముక్కలన్నీ అతుక్కుని మళ్లీ ఒకే పలకవుతాయి, నేల ఉబ్బినప్పుడు ఆ పలకలాగే చీలతాయి. సన్న ఇసుక జల్లి, చీపురుతో ఊడ్చి నింపడమే పద్ధతి. తొలకరి వానలు నాలుగు పడ్డాక ఆ ఇసుక కాస్త కిందికి దిగుతుంది, అప్పుడు ఇంకోసారి నింపాలి.