కొత్త గృహ అక్వేరియంలో నీటి నాణ్యత సమస్యలు, యాజమాన్యం: చీపురుపల్లి ప్రాంత జలాల దృష్ట్యా పరిశీలన

పట్టణాలతో పాటు మండల కేంద్రాలలోని ఇళ్ళలో కూడా ఇటీవలి కాలంలో అలంకార చేపల తొట్టెలు కనిపిస్తున్నాయి. అయితే కొత్తగా తొట్టి అమర్చుకున్నవారిలో చాలామందికి ఎదురయ్యే అనుభవం ఒక్కటే. మొదటి రెండు, మూడు రోజులు చేపలు చురుకుగా ఉంటాయి. వారం తిరిగేలోపు నీటి ఉపరితలానికి చేరి నోరు తెరుస్తూ, మొప్పలు వేగంగా ఆడిస్తూ ఒకదాని తరువాత ఒకటి మరణిస్తాయి. దీనిని వ్యాధిగా భావించి రంగు మందులు, యాంటీబయాటిక్‌లు వేయడం, నీరంతా పారబోసి తొట్టిని కడిగి మళ్ళీ నింపడం పరిపాటి. ఈ రెండు చర్యలూ సమస్యను పెంచేవే. నష్టానికి మూలం సాధారణంగా రోగక్రిములు కావు. ఇంకా పరిపక్వం కాని నీటి వ్యవస్థ. తొట్టిలోని నీరు స్వచ్ఛంగా కనిపించడం వేరు, చేపల జీవనానికి సిద్ధంగా ఉండటం వేరు. ఈ భేదాన్ని వినియోగదారునికి వివరించగలిగితే తొలి నెలలో జరిగే మరణాలలో అధికభాగాన్ని నివారించవచ్చు. అలంకార చేపల విక్రయాన్ని స్వయం ఉపాధిగా చేపట్టేవారికీ ఇది ముఖ్యమే. తెచ్చిన చేపలు వారానికే చనిపోతే ఆ కొనుగోలుదారుడు మళ్ళీ దుకాణానికి రాడు.

అమ్మోనియా ఏర్పడే విధం

చేపలు మాంసకృత్తులను జీర్ణించుకొన్న తరువాత మిగిలే నత్రజనిని ప్రధానంగా అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా నీటిలోనికి విసర్జిస్తాయి. తినకుండా మిగిలిన మేత, మలం కుళ్ళినప్పుడు మరికొంత అమ్మోనియా చేరుతుంది. మత్స్య పెంపకంలో వాడే అంచనా ప్రకారం 35 శాతం మాంసకృత్తులున్న మేత 1 గ్రాము వేసినప్పుడు సుమారు 32 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని విడుదలవుతుంది. 50 లీటర్ల తొట్టిలో ఇది లీటరుకు సుమారు 0.64 మిల్లీగ్రాములు. పరిపక్వమైన తొట్టిలో దీనిని సూక్ష్మజీవులు ఎప్పటికప్పుడు మార్చివేస్తాయి. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఇంకా తగినంతగా ఉండవు కనుక అమ్మోనియా రోజురోజుకూ పేరుకుపోతుంది.

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. అయాన్ రూపంలోని అమ్మోనియం వలన చేపలకు హాని తక్కువ. అయనీకరణం చెందని అమ్మోనియా మొప్పల గుండా సులభంగా ప్రవేశించి విషంగా పనిచేస్తుంది. ఏ రూపం ఎంత ఉండునది నీటి ఉదజని సూచిక, అనగా పీహెచ్ విలువ, మరియు ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మొత్తం అమ్మోనియాలో విషరూపం ఉండే శాతం ఈ విధంగా ఉంటుంది.

పీహెచ్ 7.0 వద్ద సుమారు 0.8 శాతం
పీహెచ్ 7.5 వద్ద సుమారు 2.5 శాతం
పీహెచ్ 8.0 వద్ద సుమారు 7.5 శాతం
పీహెచ్ 8.5 వద్ద సుమారు 20 శాతం

అనగా పీహెచ్ 7 నుండి 8కి పెరిగితే అదే అమ్మోనియా తొమ్మిది రెట్లకు పైగా విషపూరితమవుతుంది. పైన చెప్పిన 0.64 మిల్లీగ్రాములకు ఈ లెక్క వర్తింపజేస్తే, పీహెచ్ 8 గల నీటిలో ఒక్క రోజు మేతతోనే విషరూపం లీటరుకు సుమారు 0.05 మిల్లీగ్రాములకు చేరుతుంది. దీర్ఘకాలం ఈ స్థాయిలో ఉంటే అనేక జాతుల మొప్పలు దెబ్బతింటాయి. శీతల దేశాల పుస్తకాలలోని సలహాలను మన ఉష్ణ వాతావరణానికి యథాతథంగా అన్వయించకూడదనడానికి ఇదే కారణం.

నత్రీకరణం: తొట్టి పరిపక్వమయ్యే ప్రక్రియ

అమ్మోనియాను కొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ జీవులను సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 19వ శతాబ్దం చివరలో వెలుగులోకి తెచ్చారు. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పినా, మంచినీటి అక్వేరియాలలో ఈ పనిని ప్రధానంగా నైట్రోస్పైరా వర్గం నిర్వహిస్తున్నదని 1998లో ప్రచురితమైన పరిశోధన చూపింది. 2015లో అమ్మోనియాను నేరుగా నైట్రేట్ వరకు మార్చగల నైట్రోస్పైరా జీవులను కూడా గుర్తించారు.

ఈ జీవులు నీటిలో తేలియాడుతూ ఉండటం కంటే ఫిల్టరు స్పాంజి, గులకరాళ్ళు, గాజు ఉపరితలాలకు అంటిపెట్టుకొని ఉండటమే ఎక్కువ. వాటి వృద్ధి నెమ్మది. తొలుత అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. చివరకు నైట్రేట్ మిగులుతుంది. 25 నుండి 30 డిగ్రీల ఉష్ణోగ్రత ఈ జీవులకు అనుకూలం కనుక మన ప్రాంతంలో ఈ క్రమం సాధారణంగా మూడు నుండి ఆరు వారాలలో పూర్తవుతుంది.

ఒక గ్రాము అమ్మోనియా నత్రజని మార్పు చెందడానికి సుమారు 4.57 గ్రాముల ప్రాణవాయువు, 7.14 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత్వం ఖర్చవుతాయి. కాబట్టి గాలి పంపు అలంకారం కోసం కాదు. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగా, 30 డిగ్రీల వద్ద 7.6 మిల్లీగ్రాములే కరుగుతుంది. వేసవిలో చేపలకు, సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అవసరం పెరిగే సమయంలోనే లభ్యత తగ్గుతుంది.

చీపురుపల్లి ప్రాంతపు నీటి వనరులు

విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం ప్రాంతాలు మాంగనీసు ఖనిజానికి ప్రసిద్ధి. ఇక్కడి కోడూరు గని పేరు మీదుగానే భూగర్భ శాస్త్రవేత్త ఎల్. ఎల్. ఫెర్మోర్ ఒక శిలకు కోడురైటు అని నామకరణం చేశారు. ఖోండలైటు వంటి గట్టి శిలల పగుళ్ళలో నిలిచే భూగర్భజలంలో కాఠిన్యత, క్షారత్వం, ఇనుము, మాంగనీసు పరిమాణాలు బోరు బోరుకూ మారవచ్చు. అందువలన ఒక ఇంటి అనుభవాన్ని పక్క ఇంటికి వర్తింపజేయకుండా వాడబోయే నీటినే పరీక్షించాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 మాంగనీసుకు లీటరుకు 0.1 మిల్లీగ్రామును ఆమోదయోగ్య పరిమితిగా, 0.3ను గరిష్ఠ అనుమతిగా నిర్దేశించింది. కాఠిన్యతకు ఈ పరిమితులు 200, 600 మిల్లీగ్రాములు.

బోరు నీరు: అప్పుడే తోడిన బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటాయి. వెడల్పయిన పాత్రలో పోసి 24 గంటలు గాలి పంపుతో కదిలిస్తే వాయువులు సమతుల్యమవుతాయి. ఇనుము తుప్పు రంగు మడ్డిగా అడుగుకు చేరుతుంది. తేరిన నీటిని మాత్రమే వాడాలి. మాంగనీసు ఇంత త్వరగా విడివడదు. కాలక్రమంలో ఫిల్టరు, గాజుపై నల్లని పూతగా ఏర్పడుతుంది. నీటి పీహెచ్‌ను గాలి పట్టించిన తరువాతనే కొలవాలి. తోడిన వెంటనే కొలిస్తే అసలు విలువ కంటే తక్కువ కనిపిస్తుంది.

కుళాయి నీరు, బ్లీచింగ్ పౌడరు చల్లిన బావి నీరు: వీటిలోని క్లోరిన్ చేపల మొప్పలను, ఫిల్టరులోని ఉపయోగకర సూక్ష్మజీవులను కూడా దెబ్బతీస్తుంది. ఒక రోజు నిల్వ ఉంచి గాలి పట్టించడం లేదా సోడియం థయోసల్ఫేట్ వాడటం అవసరం. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు 7 మిల్లీగ్రాముల థయోసల్ఫేట్ సరిపోతుంది.

వాటర్ ప్లాంటు టిన్ను నీరు: శుద్ధమైనదనే నమ్మకంతో కొందరు తొట్టిని పూర్తిగా ఈ నీటితో నింపుతారు. ఆర్‌వో పద్ధతిలో శుద్ధి చేసిన నీటిలో క్షారత్వం చాలా తక్కువ. నత్రీకరణం ఉన్న కొద్దిపాటి క్షారత్వాన్నీ హరించగానే పీహెచ్ ఒక్కసారిగా పడిపోతుంది. దానితో నత్రీకరణం కూడా మందగిస్తుంది. కఠినత్వం మరీ ఎక్కువగా ఉన్న బోరు నీటిలో సగం వరకు దీనిని కలుపుకోవడం మంచి పద్ధతి.

కఠిన, క్షార జలాలకు గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ చేపలు అనుకూలం. నియాన్ టెట్రా వంటి మృదుజల జాతులతో ప్రారంభించకపోవడం మేలు. గోల్డ్ ఫిష్ అధిక వ్యర్థాలను విసర్జిస్తుంది కనుక చిన్న తొట్టికి, తొలి ప్రయత్నానికి తగదు.

తొట్టిని సిద్ధపరచే పద్ధతి

1. ముందుగా నీటి పరిమాణం లెక్కించాలి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, నీటి ఎత్తు గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు గల తొట్టిలో 30 సెం.మీ. ఎత్తున నీరుంటే 54 లీటర్లు. గులకరాళ్ళ కొరకు కొంత తగ్గించి 50 లీటర్లుగా పరిగణించవచ్చు.

2. చేపలు లేకుండానే నత్రీకరణం ప్రారంభించడం ఉత్తమం. 50 లీటర్లకు సుమారు 0.4 గ్రాముల ప్రయోగశాల శ్రేణి అమ్మోనియం క్లోరైడు కలిపితే అమ్మోనియా నత్రజని లీటరుకు 2 మిల్లీగ్రాములు అవుతుంది. ఈ మోతాదు 24 గంటలలో పూర్తిగా మాయమై, నైట్రైట్ కూడా సున్నాకు చేరితే తొట్టి సిద్ధమైనట్లు. చేపలు వేసే ముందు సగం నీరు మార్చాలి.

3. రోగరహితమైన పాత తొట్టి నుండి తెచ్చిన స్పాంజి ముక్క లేదా గుప్పెడు గులకరాళ్ళను తడి ఆరకుండా కొత్త ఫిల్టరులో చేర్చితే ఈ వ్యవధి గణనీయంగా తగ్గుతుంది.

4. తొలి విడతగా 50 లీటర్లకు నాలుగైదు చిన్న చేపలు మాత్రమే వేయాలి. రెండు నిమిషాలలో తినగలిగినంత మేత రోజుకు ఒకసారి చాలు. రెండు వారాల తరువాతనే తదుపరి విడత.

5. చేపలు తెచ్చిన సంచిని మూయబడి ఉండగానే 15 నుండి 20 నిమిషాలు తొట్టిలో తేలనివ్వాలి. దూర ప్రయాణంలో సంచి నీటిలో బొగ్గుపులుసు వాయువు చేరి పీహెచ్ తగ్గి ఉంటుంది. అందుచేతనే అందులో పేరుకున్న అమ్మోనియా అంతగా హాని చేయదు. సంచి తెరవగానే వాయువు తొలగి పీహెచ్ పెరిగి అమ్మోనియా విషరూపం దాల్చుతుంది. కనుక తెరిచిన తరువాత జాప్యం చేయక చేపలను వలతో తొట్టిలోనికి మార్చి, సంచి నీటిని పారబోయాలి.

లక్షణాలు, తక్షణ చర్యలు

తొలి ఆరు వారాలు రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ పరీక్షించి నమోదు చేయాలి. పీహెచ్ 8 ప్రాంతంలో ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములకు చేరితే మేత ఆపి, ముందుగా సిద్ధం చేసిన నీటితో 30 నుండి 50 శాతం మార్పిడి చేయాలి. సగం చొప్పున రెండు రోజులు మార్చితే విషపదార్థం నాలుగవ వంతుకు తగ్గుతుంది.

నైట్రైట్ పెరిగినప్పుడు చేపల రక్తం గోధుమ వర్ణానికి మారి ప్రాణవాయువును మోయలేదు. గాలి పంపు పనిచేస్తున్నా చేపలు పైకి వచ్చి గుటకలు వేయడం దీని లక్షణం. ఉప్పులోని క్లోరైడు మొప్పల వద్ద నైట్రైట్ ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. 50 లీటర్లకు 10 గ్రాముల కల్లుప్పును విడిగా కరిగించి కలిపితే లీటరుకు సుమారు 120 మిల్లీగ్రాముల క్లోరైడు లభిస్తుంది. నౌపడ ఉప్పు అందుబాటులో ఉండే ఉత్తరాంధ్రలో ఇది అత్యంత చౌకైన చికిత్స. అయితే ఉప్పు అమ్మోనియాను తొలగించదు. నీటి మార్పిడి కొనసాగించాలి.

మొదటి వారంలో నీరు తెల్లగా మసకబారితే అది సేంద్రియ పదార్థంపై పెరిగే బాక్టీరియా వలన. మేత తగ్గించి గాలి పెంచితే కొద్ది రోజులలో తేరుకుంటుంది. నీరు పచ్చబడటం నేరుగా పడే ఎండ, అధిక పోషకాల ఫలితం. తొట్టి స్థానం మార్చి కాంతి వ్యవధి తగ్గించాలి.

చేయకూడని పనులు

ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగరాదు. తొట్టి నుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండాలి. వ్యాధి నిర్ధారణ లేకుండా యాంటీబయాటిక్ వేస్తే నత్రీకరణ జీవులు కూడా దెబ్బతినవచ్చు. ఆమ్లత్వం పెరిగిన తొట్టిలో క్షారజలం ఒకేసారి ఎక్కువగా పోస్తే అప్పటివరకు నిరపాయంగా ఉన్న అమ్మోనియం విషరూపం పొందుతుంది. పది, పదిహేను శాతం చొప్పున మార్చాలి. విద్యుత్తు అంతరాయాలలో ఫిల్టరులోని నీరు నిలిచిపోయి సూక్ష్మజీవులకు ప్రాణవాయువు అందదు కనుక బ్యాటరీ గాలి పంపు ఉంచుకోవాలి. వద్దనుకున్న చేపలను చెరువులో, గెడ్డలో వదలరాదు. దెయ్యపు చేపగా పిలిచే సక్కర్ క్యాట్ ఫిష్ మన జలాశయాలలో వ్యాపించి మత్స్యకారుల వలలకు, స్థానిక చేపలకు నష్టం కలిగిస్తున్న సంగతి తెలిసినదే.

విస్తరణ దృష్టి

అలంకార చేపల పెంపకంపై శిక్షణలలో తొట్టి అమరిక, జాతుల పరిచయానికి ఇచ్చే సమయంలో కొంత భాగం నీటి పరీక్షకు కేటాయించడం అవసరం. విద్యార్థులు ఒకే బోరు నీటితో రెండు తొట్టెలు నింపి, ఒకదానిలో పాత స్పాంజి చేర్చి, ఆరు వారాల పాటు అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ విలువలను గీతపటంగా గీస్తే నత్రీకరణ క్రమం ప్రత్యక్షంగా అవగతమవుతుంది. విక్రేతలు తొట్టిని, చేపలను ఒకే రోజున అమ్మక, మూడు వారాల వ్యవధి ఉంచి చేపలు ఇచ్చే పద్ధతిని పాటించేలా ప్రోత్సహించాలి. కొనుగోలుదారునికి అందించవలసిన సలహాలలో మొదటిది ఈ నిరీక్షణే. మందులకు, పదేపదే చేపలు కొనడానికి అయ్యే ఖర్చుతో పోల్చితే దీనికి అయ్యే వ్యయం స్వల్పం.