క్లిప్ వేసే ముందు

పిత్తాశయంలో రాళ్లు చేరి నొప్పి పెడుతుంటే ఆ సంచీని తీసేయడం నేడు పెద్దాసుపత్రుల్లో దాదాపు రోజూ జరిగే శస్త్రచికిత్స. పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లు, లోపలికి ఒక కెమెరా, పొడవాటి సన్నని పరికరాలు. అంతా సవ్యంగా జరిగితే రోగి ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతాడు. సర్జరీలో పీజీ చేస్తున్న యువ డాక్టర్లు లాపరోస్కోపీ అనే ఈ పద్ధతిలో తొలినాళ్లలోనే నేర్చుకునే ఆపరేషన్లలో ఇదొకటి. సర్జన్ల పొరపాట్లు ఎక్కడ పుడతాయి, నేర్చుకునేవారి పక్కన నిలబడిన గురువు చేయవలసిన పని ఏమిటి అన్న ప్రశ్నలకు ఈ చిన్న ఆపరేషన్ చరిత్రలో స్పష్టమైన సమాధానాలు దొరుకుతాయి.

1985లో జర్మనీలోని బోబ్లింగెన్ పట్టణంలో ఎరిక్ మూహె అనే సర్జన్ పొట్ట కోయకుండా లాపరోస్కోప్ సాయంతో తొలిసారి పిత్తాశయాన్ని తీశాడు. తోటి సర్జన్లు మొదట్లో ఆయనను మెచ్చుకోలేదు సరికదా, తప్పుపట్టారు. 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే వీడియో తెర మీద చూస్తూ ఇదే పని చేశాక పద్ధతి కార్చిచ్చులా వ్యాపించింది. 1990 నాటికి ముంబయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ టెహెమ్‌టన్ ఉద్వాడియా దీన్ని మన దేశంలో ప్రారంభించారు. నొప్పి తక్కువ, మచ్చ చిన్నది, పనిలోకి త్వరగా వెళ్లవచ్చు. ఈ మాటలు విన్న రోగులే తమకు కొత్త పద్ధతి కావాలని అడగడం మొదలుపెట్టారు.

అయితే దాన్ని నేర్పేవారేరి? 1889లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ తీర్చిదిద్దిన శిక్షణ విధానంలో శిష్యుడు ఏళ్ల తరబడి గురువు పక్కన ఉండి, మెట్టు మెట్టుగా బాధ్యత అందుకునేవాడు. ప్రపంచంలో సర్జరీ విద్య చాలావరకు ఆ బాటలోనే నడిచింది. లాపరోస్కోపీ వచ్చినప్పుడు మాత్రం గురువులకే అది కొత్త. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సర్జన్లు రెండు మూడు రోజుల శిబిరాలకు వెళ్లి, పందుల మీద సాధన చేసి, తిరిగి వచ్చి రోగుల మీద మొదలుపెట్టారు. పేరుకు సీనియర్లే గానీ ఈ పనికి వారూ శిక్షణార్థులే. వారి పక్కన నిలబడి చూసేవారు లేరు.

ఫలితం లెక్కల్లో కనిపించింది. అమెరికా దక్షిణాది సర్జన్ల బృందం ఒకటి 1,518 ఆపరేషన్లను పరిశీలించి 1991లో వివరాలు ప్రచురించింది. ఒక్కొక్క బృందం చేసిన మొదటి 13 మంది రోగుల్లో పిత్తనాళానికి గాయమైన వారు 2.2 శాతం. ఆ తర్వాతి రోగుల్లో అది 0.1 శాతానికి పడిపోయింది. అంటే నేర్చుకునే కాలానికి మూల్యం చెల్లించినది తొలి వరుసలో ఉన్న రోగులే. న్యూయార్క్ రాష్ట్రంలో తీవ్రమైన గాయాలు, మరణాలు బయటపడ్డాక 1992లో అక్కడి ఆరోగ్య శాఖ కనీసం 15 ఆపరేషన్లు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేసినవారికే సొంతంగా చేసే అనుమతి ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇంతకూ జరిగే పొరపాటు ఏమిటి? కాలేయంలో తయారైన పైత్యరసం ప్రధాన నాళం గుండా చిన్నపేగుకు చేరుతుంది. పిత్తాశయం ఆ దారిలో పక్కకు తగిలించిన చిన్న సంచీ. సంచీని ప్రధాన నాళంతో కలిపే సన్నని గొట్టమే పిత్తాశయ నాళం. సర్జన్ దీనికీ, సంచీకి రక్తం తెచ్చే చిన్న ధమనికీ క్లిప్పులు వేసి, మధ్యలో కత్తిరించి, సంచీని కాలేయం నుంచి ఒలిచి తీయాలి. తెర మీద మాత్రం పుస్తకంలోని బొమ్మలా ఏదీ రంగులతో విడివిడిగా కనిపించదు. పసుపు కొవ్వు, వాపుతో అతుక్కున్న పొరలు, అప్పుడప్పుడు రక్తం, పొగ. సహాయకుడు సంచీని పైకి గట్టిగా లాగితే చిన్న నాళం, ప్రధాన నాళం ఒకే గీతలోకి వస్తాయి. అప్పుడు ప్రధాన నాళమే చిన్న నాళంలా భ్రమ కలిగిస్తుంది. దానికి క్లిప్ వేసి కత్తిరిస్తే పైత్యం పేగులోకి చేరే దారే తెగిపోతుంది. ఆ తర్వాత కామెర్లు, కడుపులో చీము, మళ్లీ పెద్ద ఆపరేషన్ చేసి కాలేయ నాళాన్ని నేరుగా పేగుకు కుట్టడం. రాళ్ల కోసం వచ్చిన మనిషి ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

ఇది చేతి నైపుణ్యం లేకపోవడం వల్ల జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. సర్జన్ లారెన్స్ వే, ఆయన సహచరులు ఇలాంటి 252 గాయాలను ఆపరేషన్ రికార్డులు, వీడియోల ఆధారంగా విశ్లేషించి 2003లో వేరే మాట చెప్పారు. 97 శాతం కేసుల్లో ప్రధాన కారణం దృష్టి భ్రమ. చేతి నైపుణ్యంలో లోపం కనిపించింది 3 శాతంలోనే. మసక చీకట్లో తాడును చూసి పామని నమ్మినవాడికి ఆ తాడు కదిలినట్టు కూడా అనిపిస్తుందని మన వేదాంతులు చెప్పిన రజ్జుసర్ప భ్రాంతి ఇక్కడ అచ్చంగా వర్తిస్తుంది. ఒకసారి "ఇదే చిన్న నాళం" అని మనసు తీర్మానించుకుంటే, దానికి విరుద్ధంగా కనిపించే ప్రతి ఆనవాలుకూ మనసే ఒక సర్దుబాటు చెబుతుంది. నాళం మరీ లావుగా ఉందేమిటి అంటే వాపు వల్ల అంటుంది. ఇంకో నాళం తగిలిందేమిటి అంటే కొందరిలో అదనపు నాళం ఉంటుందిలే అంటుంది. అందుకే ఈ గాయాల్లో ఆపరేషన్ బల్ల మీదే గుర్తించినవి దాదాపు నాలుగో వంతు మాత్రమే. మిగతా సందర్భాల్లో ఆపరేషన్ బాగా జరిగిందనే అనుకుని కుట్లు వేశారు.

పర్యవేక్షణ గురించిన మన ఆలోచనను మార్చవలసిన విషయం ఇదే. పొరపాటు చేతిదైతే సిమ్యులేటర్ మీద మరిన్ని గంటలు సాధన చేయిస్తే సరిపోతుంది. కానీ పొరపాటు గుర్తింపులో ఉంది. పక్కన ప్రొఫెసర్ ఉన్నా ఆయనా అదే తెరను చూస్తున్నాడు, అదే భ్రమలో పడవచ్చు. కాబట్టి పెద్దవాడు గదిలో ఉండటం ఒక్కటే చాలదు. ఇద్దరూ తమ నమ్మకాన్ని పక్కనపెట్టి, ముందే ఒప్పుకున్న గీటురాయి మీద పరీక్షించుకోవాలి.

అలాంటి గీటురాయిని సర్జన్ స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో స్పష్టంగా నిర్వచించాడు. క్లిప్ వేయడానికి ముందు మూడు షరతులు తీరాలి. ఒకటి, పిత్తాశయ నాళానికీ కాలేయానికీ మధ్య ఉన్న త్రికోణంలో కొవ్వు, పీచు పొరలు పూర్తిగా తొలగించి ఉండాలి. రెండు, సంచీ కింది మూడో వంతు కాలేయం నుంచి విడివడి ఉండాలి. మూడు, సంచీలోకి వెళ్తున్నవి రెండే రెండు నిర్మాణాలుగా కనిపించాలి. మంచి గురువు ఉన్న థియేటర్లో ఈ ఘట్టం ఇలా నడుస్తుంది:

"ఆగు. ఏం కనిపిస్తోందో చెప్పు."

"డక్టు, ఆర్టరీ. రెండే సార్."

"వెనక లివర్ కనిపిస్తోందా?"

"కొంచెం కొవ్వు అడ్డం ఉంది సార్."

"అయితే అది తీసేదాకా క్లిప్ అడక్కు."

ఇక్కడ ప్రొఫెసర్ కత్తెర అందుకోలేదు, విద్యార్థి చేతిలోంచి పని లాక్కోలేదు. చూసినదాన్ని నోటితో చెప్పించాడు. పైకి చెప్పేటప్పుడు ఊహకూ దృశ్యానికీ ఉన్న తేడా బయటపడుతుంది.

శిక్షణలో పర్యవేక్షణకు ఇప్పుడు ఒక కొలత కూడా ఉంది. అమెరికా సర్జన్ జోసెఫ్ జ్విషెన్‌బర్గర్ పేరు మీద వచ్చిన జ్విష్ కొలమానంలో నాలుగు మెట్లున్నాయి. మొదట గురువు చేసి చూపిస్తూ వివరిస్తాడు. తర్వాత విద్యార్థి చేస్తుంటే అడుగడుగునా నడిపిస్తాడు. మూడో మెట్టులో విద్యార్థే నడిపిస్తాడు, గురువు సహాయకుడిగా నిలబడతాడు. చివరిదానిలో గురువు గమనిస్తూ మాత్రమే ఉంటాడు. చివరి మెట్టు మీద కూడా గురువు ఉంటాడన్నది గమనించవలసిన విషయం. స్వేచ్ఛ ఇవ్వడమంటే వదిలేయడం కాదు. అదే సమయంలో స్వేచ్ఛ అసలు ఇవ్వకపోతే, డిగ్రీ చేతికొచ్చిన మరునాడు ఆ యువ సర్జన్ తన తొలి స్వతంత్ర నిర్ణయం ఎవరూ లేని చోట, ఏ చిన్న పట్టణపు ఆసుపత్రిలోనో తీసుకోవలసి వస్తుంది. ఆ ప్రమాదం మరింత పెద్దది.

శిక్షణలో ఉన్న డాక్టర్ల తప్పుల వల్ల రోగులకు హాని జరిగిన 240 కేసులను, సర్జరీతో పాటు ఇతర విభాగాలవీ కలిపి, అమెరికాలో పరిశోధకులు విశ్లేషించి 2007లో ప్రచురించారు. వాటిలో 72 శాతంలో నిర్ణయ లోపం, 70 శాతంలో జట్టుగా పనిచేయడంలో లోపం, 58 శాతంలో సాంకేతిక సామర్థ్య లోపం ఉన్నాయి. జట్టు లోపాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది సరైన పర్యవేక్షణ లేకపోవడమే. అర్ధరాత్రి యూనిట్ చీఫ్‌కు ఫోన్ చేయాలా వద్దా అని పీజీ తటపటాయించే పది నిమిషాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. "ఇంత చిన్నదానికి లేపావా?" అన్న ఒక్క మాట తర్వాతి పదిసార్లు ఫోన్ రాకుండా చేస్తుంది.

అలసట సంగతీ ఉంది. మన దేశంలో రెసిడెంట్ డాక్టర్ల పని వారానికి 48 గంటలు దాటరాదని 1992 నాటి కేంద్ర ఆదేశం చెబుతోంది. ఆచరణ దానికి ఎంత దూరంగా ఉందంటే, 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 74 గంటలకు మించవద్దని సిఫార్సు చేయవలసి వచ్చింది. అయితే గంటలు తగ్గిస్తే పొరపాట్లు వాటంతటవే తగ్గిపోతాయనీ చెప్పలేం. అమెరికాలో 117 సర్జరీ శిక్షణ కేంద్రాల్లో కఠినమైన షిఫ్ట్ నియమాలనూ సడలించిన నియమాలనూ పోల్చి 2016లో ప్రచురించిన అధ్యయనంలో రోగుల ఫలితాల్లో తేడా కనిపించలేదు. రెండు వైపులా వారం మొత్తానికి 80 గంటల హద్దు మాత్రం ఉంది. విశ్రాంతి డాక్టర్ల హక్కు, దాన్ని ఇవ్వాల్సిందే. కానీ అది పర్యవేక్షణకు ప్రత్యామ్నాయం కాదు.

తెలుగు రాష్ట్రాల్లోని ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఎం.ఎస్. జనరల్ సర్జరీ మూడేళ్ల కోర్సు. లాగ్‌బుక్కులో విద్యార్థి ఏ ఆపరేషన్ చూశాడు, దేనికి సహాయపడ్డాడు, ఏది పర్యవేక్షణలో చేశాడు, ఏది సొంతంగా చేశాడు అని రాయాలి. ఆలోచన మంచిదే. అయితే నెలల తర్వాత గుర్తున్నంత మేరకు నింపి సంతకం పెట్టించుకుంటే అది అంకెల పట్టికగానే మిగులుతుంది. ఆపరేషన్ ముగిసిన రోజే గురుశిష్యులిద్దరూ కూర్చుని, ఏ ఘట్టంలో ఎవరి నిర్ణయం నడిచింది, ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు అని రెండు వాక్యాలు రాస్తే అదే పుస్తకం పాఠమవుతుంది. లాపరోస్కోపీ ఆపరేషన్లను తేలిగ్గా రికార్డు చేయవచ్చు కాబట్టి, క్లిప్ వేసే ముందటి దృశ్యాన్ని భద్రపరచడం పెద్ద ఖర్చు కాదు.

ఆ మూడు షరతులు తీరకపోతే ఏం చేయాలన్నదీ శిక్షణలో భాగమే. పొట్ట తెరిచి చేయడం, సంచీలో కొంత భాగాన్ని వదిలేసి మిగతాది తీయడం, రంగుద్రవం ఎక్కించి నాళాలను ఎక్స్‌రేలో చూడటం, ఇవన్నీ గౌరవప్రదమైన మార్గాలే. 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కష్టమైన సందర్భంలో మరో సర్జన్‌ను పిలవమని కూడా సూచించాయి. అది యాభై ఏళ్ల ప్రొఫెసర్‌కూ వర్తించే సలహా. గురువే మరొకరిని పిలవడం చూసిన విద్యార్థి, పిలవడం చేతకానితనం కాదని మాటలతో చెప్పనక్కర లేకుండానే నేర్చుకుంటాడు. ఎలా కోయాలో నేర్పే గురువులు మనకు చాలామంది ఉన్నారు. ఎక్కడ ఆగాలో, ఎవరిని పిలవాలో నేర్పడాన్ని కూడా పాఠ్యాంశంగా, పరీక్షాంశంగా చేసినప్పుడే తొలి వరుసలోని రోగికి, వందో వరుసలోని రోగికి ఒకే రక్షణ దక్కుతుంది.