వంజరం వద్దన్నప్పుడు కొరియా చేపల కూర

చేపల పులుసు లేనిదే ఆదివారం గడవని మన వాళ్లకు ఈ వారం ఒక కొరియా కూర పరిచయం చేస్తున్నాం. పేరు గోడుంగో జోరిమ్. గోడుంగో అంటే మాకెరల్ చేప, మన కానగంతకు దగ్గర చుట్టం. జోరిమ్ అంటే రసం దగ్గరపడే దాకా ఉడికించిన కూర. సోల్ నగరంలోని నమ్‌డేమున్ మార్కెట్లో, నాడాలా పొడుగ్గా ఉండే రిబ్బన్ చేపతో ఇదే పద్ధతిలో వండిపెట్టే హోటళ్లకు ఒక సందు సందే ఉంది.

మేం ఈ కూర మొదలుపెట్టింది సరదాకి కాదు. ఎడిసన్ దగ్గర ఒకే ఇంట్లో రెండు కుటుంబాలుగా ఉంటూ, ఆఫీసుల్లో గుమాస్తా పనులు చేసుకుంటున్న వాళ్లం. మాలో ఒకరి భార్య కడుపుతో ఉన్నారు. గర్భిణులు కింగ్ మాకెరల్ తినకూడదని ఇక్కడి ఎఫ్‌డీఏ, ఈపీఏ 2004 నుంచీ చెబుతున్నాయి. పెద్ద చేప చిన్న చేపల్ని తింటూ ఏళ్లకేళ్లు బతుకుతుంది కాబట్టి దాని కండలో పాదరసం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా అది పోదు. మన వంజరం ఈ కింగ్ మాకెరల్‌కు దాయాదే. "అన్నయ్యా, వంజరం మానెయ్యమంటే నన్ను చేపలే మానెయ్యమన్నట్టు" అందా అమ్మాయి.

మానక్కర్లేదు. 2017లో ఆ సంస్థలు ఇచ్చిన పట్టికలో అట్లాంటిక్ మాకెరల్, పసిఫిక్ చబ్ మాకెరల్ రెండూ మంచి చేపల వరుసలోనే ఉన్నాయి. ఆ వరుసలోవి గర్భిణులు వారానికి 8 నుంచి 12 ఔన్సుల దాకా తినవచ్చు. పేరులో మాకెరల్ ఉందని అన్నిటినీ ఒకే గాట కట్టకండి. ప్యాకెట్ మీద పూర్తి పేరు చూడండి.

కొరియా వాళ్ల హెచ్‌మార్ట్‌లో ఈ చేప దొరుకుతుంది. 1982లో న్యూయార్క్ క్వీన్స్‌లోని ఉడ్‌సైడ్‌లో చిన్న కొట్టుగా మొదలైన సంస్థ అది. ఉప్పు పట్టించిన మాకెరల్ కూడా పక్కనే ఉంటుంది, దాన్ని తీసుకోకండి. కౌంటర్లో అడిగితే పొట్ట తీసి ముక్కలు కోసిస్తారు. ఈ చేప చల్లదనం లేకపోతే తొందరగా పాడవుతుంది. అప్పుడు పుట్టే హిస్టమిన్ వండినా చావదు, ఒంటి మీద దద్దుర్లు తెస్తుంది. అందుకని అన్ని సరుకులూ కొన్నాక చివర్న చేప కొని, నేరుగా ఇంటికి రండి.

నీచు వాసన పోవడానికి కొరియా ఆడవాళ్లు చేసే పని మాకు భలే నచ్చింది. బియ్యం కడిగిన నీళ్లలో ముక్కల్ని ఓ 20 నిమిషాలు నానేస్తారు. మనం పారబోసేదే కదా!

2 పౌన్ల చేపకు ఒక పౌను తెల్ల ముల్లంగి కావాలి. లావుపాటి కొరియా ముల్లంగి అయితే మరీ మంచిది. అరంగుళం మందాన బిళ్లలు కోసి వెడల్పాటి గిన్నె అడుగున పరవండి. గ్లాసున్నర నీళ్లు పోసి 10 నిమిషాలు ఉడకనివ్వండి. ఈలోగా సోయా సాస్ 4 చెంచాలు, కొరియా కారం 3 చెంచాలు, గోచుజాంగ్ అనే మిరప ముద్ద ఒక చెంచా, దంచిన వెల్లుల్లి, కాస్త అల్లం, చెంచా పంచదార కలిపి ఉంచుకోండి. ఉప్పు వెయ్యొద్దు, సోయాలో ఉన్నదే ఎక్కువ. ముల్లంగి మీద చేప ముక్కలు పేర్చి, పైన ఈ ముద్ద, ఉల్లిపాయ చీలికలు వేసి మధ్య సెగ మీద 20 నిమిషాలు ఉంచండి. గరిటె పెట్టి తిప్పకండి, మన పులుసులాగే ముక్క చితుకుతుంది. రసం తీసి పైన పోస్తూ ఉంటే చాలు. దించేముందు ఉల్లికాడలు, పచ్చిమిర్చి వెయ్యండి.

కొరియా కారం ఎర్రగా ఉంటుంది గానీ మంట తక్కువ. దాని బదులు గుంటూరు కారం వాడితే ఒక్క చెంచాతో ఆగండి. చింతపండు వెయ్యాలని చెయ్యి లాగుతుంది. వేస్తే అది మన పులుసే అవుతుంది, తప్పేం లేదు గానీ ముల్లంగిలోని తీపి తెలియదు. అసలు ఈ కూరలో రుచంతా ఆ అడుగు ముల్లంగిదే. మా ఇంట్లో చేప ముక్కలు మిగులుతాయి గానీ ముల్లంగి బిళ్లల కోసం వేడి అన్నం ముందు పోట్లాటే.