పెరటి కోడి, పంజరపు చిలుక

పల్లెలో ఏ ఇంటికైనా వెళ్లి, "ఈ కోడి మీకెక్కడిదమ్మా?" అని అడిగి చూడండి. ఆ ఇల్లాలు దాని ధర ముందు చెప్పదు. "మా అమ్మ పెట్టిన పెట్టకు పిల్లండీ ఇది" అంటుంది. లేకపోతే "మా వదిన దగ్గర పాలుకు తెచ్చుకున్నాను" అంటుంది. ఆవును కొనాలంటే భర్త అప్పు చేయాలి, మేకను కొనాలన్నా నలుగురూ ఆలోచించాలి. కోడి మాత్రం ఇల్లాలి చేతి మీదుగా వస్తుంది, ఆమె చేతి మీదుగానే పోతుంది. పిల్లవాడి నోటు పుస్తకాలకు, జ్వరం మాత్రలకు, ఆదివారం కానుకకు ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా ఆమెకు దొరికే డబ్బు అదే. అందుచేత పెరట్లో పది కోళ్లు చచ్చిపోతే లోకానికి అది చిన్న వార్తే గాని, ఆ ఇంటికి చిన్నది కాదు.

విశాఖపట్నం పెద్ద ఊరు. 1933లో ఓడరేవు తెరిచారు. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. కర్మాగారం కోసం భూములిచ్చిన పల్లెల వారు గాజువాక, అగనంపూడి, వడ్లపూడి వైపు పునరావాస కాలనీలకు మారవలసి వచ్చింది. కళ్లాలు, తోటలు, గడ్డివాములు పోయాయి. కాలనీ ఇంట్లో కోడికి మిగిలేది గోడవార నాలుగడుగుల చోటు. అయినా చాలామంది గంప మాత్రం విడిచిపెట్టలేదు. అపార్టుమెంటులో ఉండేవారు కోడిని పెంచలేక, బాల్కనీలో పంజరం వేలాడదీసి లవ్‌బర్డ్స్‌ను పెంచుతున్నారు. ఈ రెండు రకాల ఇళ్లకూ పనికివచ్చే కొన్ని సంగతులు చెప్పుకుందాం.

కోడి ఇంటికి వచ్చే దారులు

మొదటి దారి పుట్టిల్లు. కాన్పుకు వెళ్లిన కూతురు తిరిగి వచ్చేటప్పుడు గంపలో ఒక పెట్ట కూడా వస్తుంది.

రెండవది పాలు. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ గ్రామాలలో దీనిని వాటా అంటారు. కోళ్లున్న ఇంటివారు లేనివారికి ఒక పెట్టను ఇస్తారు. తీసుకున్నవారు దానిని మేపి, పొదగేసి, లేచిన పిల్లలలో సగం ఇచ్చి సగం ఉంచుకుంటారు. చేతిలో రూపాయి లేని విధవరాలు కూడా ఈ పద్ధతిలో ఏడాది తిరిగేసరికి తన సొంత కోళ్లను చూసుకోగలదు. దీనికి బ్యాంకూ వడ్డీ అక్కరలేదు, నమ్మకం ఒక్కటి ఉంటే చాలు.

మూడవది మన సంఘాలలో అందరికీ తెలిసినదే. కోత పండుగనాడు కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలతో పాటు కాళ్లు కట్టిన పుంజులు, గిన్నెలో గుడ్లు కూడా బల్ల ముందుకు వస్తాయి. ఆరాధన అయ్యాక వేలం. సంతలో ధరకంటే ఎక్కువ పాడి కోడిని దక్కించుకున్నవారు కొందరు దానిని మళ్లీ అర్పిస్తారు, అది మళ్లీ వేలానికి వస్తుంది. వేలంలో పెట్ట దొరికితే కూరకు తొందరపడక పొదుగుకు ఉంచండి. అయ్యగారు ఇంటికి వస్తున్నారంటే కోళ్లకు భయమని మన పల్లెల్లో నవ్వులాట ఉండనే ఉంది గదా!

నాలుగవది వీధిలో అమ్మే రంగు పిల్లలు. ఎరుపు, ఆకుపచ్చ, గులాబి రంగులు అద్దిన పిల్లలను చూసి మన పిల్లలు మారాం చేస్తారు. ఇవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీలలో వేరు చేసిన మగపిల్లలు. గుడ్లు పెట్టవు గనుక ఫారాలకు అక్కరలేదు, అందుకే చవక. చలికి తట్టుకోలేక మూడు నాలుగు రోజుల్లో చచ్చిపోతుంటాయి, పసివాళ్లు ఏడుస్తారు. కొని తెచ్చినట్లయితే అట్టపెట్టెలో బల్బు పెట్టి, మొదటి వారం సుమారు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం ఇవ్వండి. తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు. పిల్లలన్నీ బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి వేస్తోందని, దూరంగా మూలలకు పోతే వేడి ఎక్కువైందని అర్థం.

ఐదవది మేలుజాతి పిల్లలు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన కోళ్ల పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ అనే రకాలను పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే, వనరాజా సుమారు 100, గ్రామప్రియ 150కి పైగా పెడతాయి. కాని ఈ పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద వేసుకోవాలి. కనుక మేలుజాతి వచ్చిందని నాటుకోడిని పూర్తిగా వదిలేయకండి. పిల్లల్ని రెక్కల కింద దాచుకోవడం, గద్ద నీడ పడగానే పిలవడం నాటుపెట్టకే బాగా తెలుసు. ప్రభువు యెరూషలేమును గూర్చి దుఃఖించినప్పుడు చెప్పిన పోలిక ఇలాంటి తల్లి కోడిదే.

పొదగేయడం, మేపడం

పొదుగుకు వేసే గుడ్లు వారం లోపువై ఉండాలి. ఒక పెట్టకు 10 నుండి 12 చాలు. తట్టలో ఇసుక, పైన మెత్తని గడ్డి వేసి, చీకటిగా ఉండే మూల ఉంచండి. ఏడెనిమిది రోజుల తర్వాత రాత్రివేళ టార్చిలైటు ముందు గుడ్డును పట్టి చూస్తే, పిండం ఉన్న గుడ్డులో ఎర్రటి నరాలు కనబడతాయి. ఖాళీగా తేటగా కనబడినది తీసివేయవచ్చు. కోడికి 21 రోజులు, బాతుకు 28 రోజులు పడుతుంది.

మేతకు నూకలు, తవుడు, వంటింటి మిగులు సరిపోతాయి గాని, పిల్లలకు మాంసకృత్తులు కావాలి. మన పెద్దలు పాత కుండలో పేడ, గడ్డి తడిపి వేసి సాయంకాలం నేలమీద బోర్లించేవారు. తెల్లారేసరికి చెదలు పట్టేవి. అవే పిల్లలకు మంచి మేత. తీరం దగ్గర ఉన్నవారు ఆల్చిప్పల పొడి కలిపితే గుడ్డు పెంకు గట్టిపడుతుంది. రాత్రి గూడు తలుపు వేయడం మరవకండి. పిల్లి, ముంగిస, పాము తలుపు తెరిచి ఉన్న రాత్రి కోసమే కనిపెట్టుకొని ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడినప్పుడు చెట్లు ఎలా కూలిపోయాయో మనం మరువలేదు. తుఫాను హెచ్చరిక వింటే చెట్లమీద పడుకొనే కోళ్లను, బాల్కనీలో పంజరాలను ముందురోజే ఇంట్లోకి చేర్చండి.

కొక్కెర తెగులు

పెరటి కోళ్లను ఊరికి ఊరే తుడిచిపెట్టేది రాణిఖేత్, అంటే కొక్కెర తెగులు. కోడి ముడుచుకొని నిలబడుతుంది, ఆకుపచ్చగా పారుతుంది, నోరు తెరిచి ఆయాసపడుతుంది, మెడ తిరిగిపోతుంది. వచ్చిన తర్వాత మందు లేదు. రాకుండా టీకా ఉంది. పిల్లలకు 5 నుండి 7 రోజుల మధ్య లసోటా చుక్క ఒకటి కంటిలో గాని ముక్కులో గాని వేయాలి. సుమారు 8 వారాలకు రెక్క కింద ఆర్‌టుబి సూది వేయించాలి.

ఇంత సులువైన పని పల్లెల్లో ఎందుకు జరగదు? టీకా సీసా సాధారణంగా వంద కోళ్లకు సరిపడా వస్తుంది. విప్పిన తర్వాత ఒకటి రెండు గంటల్లోనే వాడేయాలి, అంతవరకు ఐసులో ఉంచాలి. మన ఇంట్లో ఉన్నవి ఐదు కోళ్లు. ఐదింటికోసం సీసా ఎవరు విప్పుతారు? ఒక్క ఇల్లాలికి అసాధ్యమైనది వీధికంతటికీ సులువు. మీ స్త్రీల సమాజం వారు నెలకు ఒక రోజు ఏర్పాటు చేసుకొని, పశువైద్యశాలలో ముందుగా చెప్పి, ఫ్లాస్కులో ఐసు వేసి టీకా తెచ్చుకోవచ్చు. కోళ్లు గూళ్లలో ఉండే తెల్లవారుజామున గాని పొద్దు గూకాక గాని వేస్తే వెంటబడి పట్టే పని ఉండదు. మన విశ్వాసుల ఇళ్లకే కాదు, ఊరంతటికీ వేయించండి. పక్కింటి కోడికి తెగులు వస్తే మన కోడి దగ్గరకు రావడానికి గోడ అడ్డం కాదు.

చనిపోయిన కోళ్లను కాలువలోకి విసరవద్దు, తక్కువ ధరకు అమ్మవద్దు, కోసుకొని తినవద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. కోళ్లు ఒక్కసారిగా గుంపుగా చచ్చిపోతే దాచక, వెంటనే పశువైద్యునికి తెలియజేయాలి.

పుంజును ఎందుకు పెంచుతున్నాం?

అసీల్ మన ఆంధ్రదేశపు పేరుగల జాతి. డేగ, కాకి, నెమలి అంటూ రంగును బట్టి పేర్లు పెట్టుకొని ముద్దుగా పెంచుతారు. అందులో తప్పు లేదు. కాని సంక్రాంతి దగ్గరపడేసరికి ఆ పుంజు కాలికి కత్తి కట్టేవారు మన కుటుంబాలలోనూ లేకపోలేదు. కోడిపందెం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం, దానిమీద పందెం కాయడం జూదం. భార్య నూకలు వేసి పెంచిన పుంజును భర్త బరిలో పెట్టి, దానితోపాటు కూలి డబ్బులూ పోగొట్టుకొని వస్తే, ఆ సంక్రాంతికి ఆ ఇంటి పొయ్యి ఎలా వెలుగుతుంది?

పంజరంలో ఏవి ఉండవచ్చు?

రామచిలుక, గోరింక, పికిలిపిట్ట, జీనువాయి మన దేశపు అడవి పక్షులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. చిలుక రెక్కలు కత్తిరించి పంజరంలో ఉంచడం చాలా ఇళ్లలో అలవాటుగా వచ్చింది గాని, ఇది తెలిసినవారు మానుకోవాలి. గూటిలో తల్లిపక్షిని పిల్లలతో సహా పట్టుకొనకూడదని ద్వితీయోపదేశకాండములో ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఉంది. చెట్టు తొర్రలో చెయ్యి పెట్టే పిల్లలకు సండేస్కూలులో ఇది చెప్పవలసిన మాట. ఇప్పటికే చిలుక ఉన్నవారు దానిని ఒక్కసారిగా ఎగరవేయవద్దు. మేత వెదుక్కోవడం తెలియక కాకుల పాలవుతుంది. అటవీశాఖ వారికి అప్పగించండి.

బజారులో లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న పక్షులలో ఎక్కువ భాగం బడ్జీలు. వీటి స్వదేశం ఆస్ట్రేలియా. 1840లో ఇంగ్లండుకు చేరిన తర్వాత పంజరాలలోనే తరతరాలుగా పుట్టి పెరుగుతూ లోకమంతా వ్యాపించాయి. వీటిని పెంచుకోవచ్చు. ముక్కు పైన నీలంగా ఉంటే సాధారణంగా మగది, గోధుమరంగుగా ఉంటే ఆడది. కొర్రలు, ఆకుకూర, రోజూ మార్చిన నీళ్లు చాలు. తీరానికి కొట్టుకొచ్చే సముద్రపు నురుగు ముక్కను పంజరానికి కట్టితే కొరుక్కుంటాయి, సున్నం అందుతుంది. కుండ కట్టితే నాలుగు నుండి ఆరు గుడ్లు పెట్టి 18 రోజులు పొదుగుతాయి. జంటగానే తెచ్చుకోండి, ఒంటరి పక్షి దిగులుపడుతుంది. పంజరం ఎండకు, పిల్లికి దూరంగా ఉండాలి. రెట్టను పొడిగా ఊడ్చితే దుమ్ము ఊపిరితిత్తులలోకి పోతుంది గనుక, తడిపి తుడవండి.

కొనేముందు ఇంట్లో కూర్చొని ఒక మాట నిర్ణయించుకోండి. సెలవులకు ఊరు వెళ్తే వీటికి నీళ్లు ఎవరు పోస్తారు? జవాబు లేకపోతే పంజరం కొనవద్దు. పిల్లలకు పక్షులు చూడాలని ఉంటే, 1977 నుండి విశాఖలో ఉన్న ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్లండి.

యోసేపు మరియలు పేదవారు గనుక దేవాలయానికి గొఱ్ఱెపిల్లను తేలేక పక్షుల జతతో వచ్చారు. పేద ఇంటికి దేవుడు అందుబాటులో ఉంచిన జీవులివి. వచ్చే నెల మీ స్త్రీల కూడికలో ఎవరి ఇంట ఎన్ని కోళ్లున్నాయో ఒక కాగితం మీద వ్రాసుకోండి. వంద లెక్క తేలితే ఒక సీసా టీకాకు సరిపోయినట్టే. కోడి లేని సోదరి పేరు ఆ కాగితం చివర కనబడితే, ఒక పెట్టను ఆమెకు పాలుకు ఇవ్వగలవారు ఎవరో కూడా అక్కడే తేల్చుకోండి.